పన్నెండో వరుసలో మా నాయన

మా నాయన చనిపోయిన మూడేళ్ళకు, ఆయన రక్తపోటు ఎంత ఉందో ఒక మంత్రిగారు నాకు తెలియజేశారు. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను. సగంలో ఆపేస్తాను. అందుకే చెప్పడం మానేసి రాస్తున్నాను.

అప్పట్లో నేను ఆత్మకూరులో ఒక శాసనమండలి సభ్యుడి ఆఫీసులో టైపు చేసేదాన్ని. ఆయన ఏ పార్టీయో ఇక్కడ అవసరం లేదు. రాజకీయాల్లోకి రాకముందు పశువుల డాక్టరుగా ఈ మెట్ట ఊళ్ళన్నీ తిరిగినవారు. ఎరువుల కొట్టు మీద రెండు గదులు, ఒక ప్రింటరు, ఒక పాత బీరువా, అంతే ఆఫీసు. నేను రోజూ ఉదయగిరి నుంచి బస్సులో వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయేదాన్ని.

సారుకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి మా ఊళ్ళో ఫలానాది లేదంటే, "నువ్వు చూసినావా, ఎవరన్నా చెప్తే విన్నావా?" అని అడిగేవారు. విన్నానంటే టీ తాగించి పంపేవారు. చూశానంటే నన్ను పిలిచేవారు. అప్పుడు నేను ప్రశ్న టైపు చేసేదాన్ని. మండలిలో మంత్రుల్ని అడిగే ప్రశ్నలకు ఒక భాష ఉంది. "ఫలానా విషయము వాస్తవమేనా? అయిన యెడల తీసుకున్న చర్యలేవి? లేనిచో కారణములేవి?" జవాబులకూ ఒక భాష ఉంది. మొదటి దానికి "కాదండి" అని వస్తే, మిగతా రెంటికీ ఎదురుగా "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని ఉంటుంది. మొదట్లో ఆ మాట చూస్తే నాకు నవ్వొచ్చేది. ఎండిపోయిన బోరు గురించి అడిగినా, కూలిపోయిన గోడ గురించి అడిగినా, అది ఉత్పన్నమే కాలేదట.

ఆ ఏడు మర్రిపాడు వైపు నుంచి కొందరు ఆడవాళ్ళు వచ్చారు. నెలకోసారి ఊళ్ళకు వచ్చి బీపీ, షుగరు చూసి బిళ్ళలిచ్చే మందుల వ్యాను చాలాకాలంగా రావడం లేదన్నారు. చూశారా, విన్నారా అని సారు అడగబోతుంటే నేనే మధ్యలో అందుకున్నాను.

"నేను చూసినాను సార్. వాళ్ళు చెప్పే ఊళ్ళలో మా ఊరు కూడా ఉండాది."

మా నాయనది ఆ ఊరే. మెట్టలో కంది వేసేవాడు, మేకలు కాసేవాడు. అమ్మ పోయాక ఒక్కడే ఉండేవాడు. ఉదయగిరిలో మా ఇంటికి రమ్మంటే, మేకల్ని కూడా తోలుకు రమ్మంటావా అనేవాడు. వ్యాను రావడం ఆగిపోయాక, ఉన్న బిళ్ళల్ని సగం సగం విరిచి రోజు విడిచి రోజు వేసుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. అవి కూడా అయిపోయిన వారంలో, మందులు తెచ్చుకుందామని బస్సు కోసం రోడ్డు మీదికి నడుస్తూ దారిలో బండకు ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. ఎండలో టవలు నెత్తిన వేసుకుని నిద్రపోతున్నాడనుకుని, ఇద్దరు ముగ్గురు ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళారట.

ఇదంతా అప్పుడు సారుకు చెప్పలేదు. వ్యాను రాదని మాత్రం చెప్పాను. ప్రశ్న టైపు చేసి పంపాము.

జవాబు మండలి సమావేశాలకు రెండు వారాల ముందు వచ్చింది. వ్యాను రావడం లేదన్నది వాస్తవమేనా అంటే "కాదండి". కారణాలేవి అంటే "ప్రశ్న ఉత్పన్నం కాదు". దాని వెనక, గత నెలలో మా ఊళ్ళో పరీక్షలు చేసినవారి జాబితా జతపరిచారు. మధ్యాహ్నం మూడు దాటింది. కింద కొట్టులో ఎవరో బస్తాలు దించుతున్నారు. నేను ప్రింటు తీసి, పేజీలు వరుసగా ఉన్నాయా లేదా అని చూస్తున్నాను.

పన్నెండో వరుసలో మా నాయన పేరు ఉంది.

ఇంటిపేరు, ఆయన పేరు, ఇంటి నంబరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. పక్కన రక్తపోటు. దాని పక్కన "కాళ్ళవాపు తగ్గినది" అని ఉంది. ఊళ్ళో అదే పేరున్న మరొకరేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ ఆ ఇంటి నంబరు నేను పుట్టిన ఇంటిది. అప్పుడు వయసు చూశాను. డెబ్బై నాలుగు. మా నాయన పోయింది డెబ్బై ఒకటో ఏట. అంటే ఎక్కడో ఒకచోట ఆయనకు మూడేళ్ళు పెరిగాయి.

నిజం చెప్పాలంటే ముందు నాకు కోపం రాలేదు. భయం కూడా ఆ తర్వాతే వచ్చింది. మొట్టమొదట కలిగింది సంతోషం. కాళ్ళవాపు తగ్గిందట అనుకున్నాను, ఊరి నుంచి ఎవరో వచ్చి కబురు చెప్పినట్టు. ఆ సంతోషం ఎంతసేపు ఉందో తెలియదు. అది పోయాక భయం వేసింది. కాగితం బల్ల మీద పెట్టి, గది దాటి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను.

సారు వచ్చి అడిగితే వేలుపెట్టి చూపించాను.

"మా నాయన సార్."

"బాగుండాడా?" అన్నారు ఆయన, చదువుతూ.

"చచ్చిపొయ్యినాడు సార్. మూడేండ్లయింది."

ఆయన కళ్ళద్దాలు తీసి, నన్ను చూసి, మళ్ళీ కాగితం చూశారు. కుర్చీలో కూర్చోలేదు. "రేపు పోదాం పా. ఒక్కో పేరూ చూసి వద్దాం" అన్నారు.

మరుసటి రోజు పొద్దెక్కాక ఊరు చేరాము. మేకలు మేతకు వెళ్ళిపోయిన వేళ. వీధిలో మనిషి అలికిడి లేదు. పేర్లు చదివే పని నాకే పడింది. మొదటి ఇంటికి తాళం వేసి ఉంది, తాళానికి తుప్పు పట్టి ఉంది. రెండో ఇంటి కోడలు "మామా? పొయ్యిన క్రిస్మస్‌కి ముందే పొయ్యినాడు గదా, నీకు తెల్దా?" అంది. మూడో పేరు మనిషి కొడుకు దగ్గర నెల్లూరులో ఉన్నాడు. నాలుగో పేరు దగ్గర నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. బడిలో హాజరు పిలిచినట్టు పిలుస్తున్నాను. గట్టిగా పిలిస్తే ఎవరైనా "ఉండా" అంటారేమోనని అనిపించింది. పట్టపగలు, పక్కన సారు, వెనక డ్రైవరు. అయినా అలా అనిపించింది.

అయిదో ఇంటి అరుగు మీద ఒక అవ్వ కూర్చుని కందులు చెరుగుతోంది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి. ఆమె భర్త పేరు జాబితాలో ఉంది. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు.

"అవ్వా, తాత పేరు గవర్నమెంటోళ్ళ కాగితంలో ఉండాది."

"ఏమని ఉండాది?"

చదవాలా వద్దా అని సారు వైపు చూశాను. ఆయన తల ఊపారు.

"మోకాళ్ళ నొప్పులు తగ్గినవి అని ఉండాది."

అవ్వ చేతిలో చేట ఆగిపోయింది. ఆమె ముఖంలో వెటకారం లేదు, ఏడుపూ లేదు.

"తగ్గినాయా?" అంది. చేట ఒళ్ళో పెట్టుకుని, "యాడ చూసినారంట ఆయప్పని?" అని అడిగింది.

సారు అక్కడే అరుగు అంచున కూర్చుండిపోయారు. 

వీధి చివర మా నాయన ఈడు పెద్దాయన ఒకడు, మేకల దొడ్డికి కంప సరిచేస్తూ మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. "నా పేరు చూడమ్మే" అన్నాడు. మూడు పేజీలూ వెతికాను. లేదు.

"లేదు పెదనాయనా."

"పోయినోళ్ళందురూ ఉండారు, నేను లేనా?" అని నవ్వాడు. నవ్వుతూనే తన చేతిని ఒకసారి చూసుకున్నాడు.

తిరిగి వచ్చేముందు చర్చి వెనక సమాధుల తోటలోకి వెళ్ళాము. మాది బాప్టిస్టుల ఊరు, తాతల కాలం నుంచి అందరూ అక్కడే ఉన్నారు. కాగితం పట్టుకుని రాళ్ళ మధ్య నడిచాను. రాతి మీద ఒక పేరు, కాగితం మీద అదే పేరు. రాతి మీద మరణించిన తేదీ, కాగితం మీద గత నెల తీసిన బరువు. ఒకామె బరువు పెరిగింది కూడా. గాలి ఆడడం లేదు. ఎక్కడో దూరంగా బద్వేలు రోడ్డు మీద లారీలు పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మా నాయన రాయి దగ్గర నిలబడి, బిళ్ళలు అయిపోయి ఆయన ఎలా పోయాడో అప్పుడు చెప్పాను. సారు తన ఫోనుతో ఫోటో తీశారు. ఎందుకని నేను అడగలేదు.

పాత రిజిస్టర్లు చూపించమని సారు రాతపూర్వకంగా అడిగారు. సభ్యుడు అడిగాక కాదనలేక మండల కేంద్రంలో ఒక గదిలో మా ముందు పెట్టారు. చేత్తో రాసినవి. నెలనెలా ఒక పేజీ. నేను ఒక్క వరుస మాత్రమే చూసుకుంటూ పోయాను. సమాధిలో పెట్టిన మరుసటి నెల మా నాయనకు జలుబు చేసింది. చలికాలంలో దగ్గు. "చుట్ట మానమని చెప్పడమైనది. వినుట లేదు" అని ఉంది. ఇంకో నెల "మేకలు తోలుకొని పోయినందున ఆలస్యముగా వచ్చినారు" అని ఉంది. వేసవిలో నీరసం.

అక్కడ పేజీ తిప్పడం ఆపాను. వట్టి అంకెలే అయితే ఎవడో కూర్చుని గీకేశాడు అనుకునేదాన్ని. కానీ ఇది మా నాయనే. చుట్ట మానమంటే వినని మనిషి. మేకల వల్ల ప్రతిదానికీ ఆలస్యమయ్యే మనిషి. రాసిన వాళ్ళకు ఆయన తెలుసు. నేను అంత్యక్రియలు చేసి వచ్చి ఉదయగిరిలో నా పని నేను చేసుకుంటుంటే, ఈ మూడేళ్ళూ నెలకోసారి ఇంకెవరో ఆయన్ని తలచుకుంటూనే ఉన్నారు.

రాసింది ఒక నర్సమ్మ. ఆ నెలలోనే బదిలీ అయి అనంతసాగరం వైపు ఉంటోందని తెలిసి, షేర్ ఆటో ఎక్కి నేనొక్కదాన్నే వెళ్ళాను. మా నాయన పేరు చెప్పగానే ఆమె కూర్చోమనడం కూడా మరిచిపోయింది.

"నువ్వు కూతురివా? నీ గురించి చెప్తా ఉండేవాడు" అంది.

"ఎప్పుడు చెప్పినాడు?" అని అడిగాను. నా గొంతు నాకే కరుకుగా వినిపించింది.

"బతికున్నప్పుడే లేమ్మా." ఆమె తల వంచుకుంది. "వ్యాను చెడిపోయి షెడ్డులో పడింది. రిపేరు చేయలా. ఊరికి పోలేదని రాస్తే పైనుంచి ఫోను. పేర్లు తగ్గితే ఫోను. తగ్గకూడదంటారు. ఏం జేసేది? ఇంట్లో కూర్చోని రాసేదాన్ని."

"చచ్చిపోయినోళ్ళని కూడానా?"

"ఒక్కరిని తీసేస్తే ఎందుకు తీసేసినావని అడుగుతారు. చచ్చిపోయినాడంటే ఎందుకు చచ్చిపోయినాడని అడుగుతారు. మందుల్లేక అని రాయాల." ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "వట్టిగా రాయబుద్ధయ్యేది కాదమ్మా. ఒక్కొక్కరి మొఖం గుర్తు తెచ్చుకొని రాసేదాన్ని. మీ నాయన నా ముందరే చుట్ట ముట్టించేవాడు. రాస్తా ఉంటే ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే ఉండేది. ఒక్కోసారి భయమేసి లేచి పోయేదాన్ని."

ఆమెను తిట్టాలని వెళ్ళాను. తిట్టలేదు. క్షమించానని కూడా చెప్పలేదు. నీళ్ళిస్తే తాగి వచ్చేశాను.

సమావేశాలకు వెళ్ళేముందు సారు నన్ను కూర్చోబెట్టారు. "మీ నాయన పేరు సభలో చెప్పాల్సి వస్తాది. నీకు ఇష్టం లేకుంటే వేరే పేరు తీసుకుంటాను" అన్నారు.

"నర్సమ్మ పేరు వద్దు సార్" అన్నాను.

"ఆమె పేరు ఎత్తను. రాయించినోళ్ళ సంగతి అడుగుతాను. మీ నాయన సంగతి చెప్పు."

నాకు ఒకటే గుబులు. ఆ పేరు సభలో పలికిన మరుక్షణం, దగ్గుతూ, మేకలు తోలుకుంటూ, మూడేళ్ళు పెద్దవాడైన ఆ మనిషి ఉండడు. నేను మట్టి వేసింది ఒకసారి. ఇప్పుడు నా చేత్తోనే రెండోసారి. ఆ మాట సారుతో అనలేకపోయాను. "చెప్పండి సార్" అన్నాను.

పాసు తీసుకుని సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. చల్లటి గది. కింద సభ్యులు చాలా చిన్నగా కనిపిస్తున్నారు. మా ప్రశ్న వంతు వచ్చింది. మంత్రిగారు లేచి, వ్యాను ప్రతి నెలా వెళుతోందని, వివరాలు సభ ముందుంచామని చదివి కూర్చున్నారు. సారు లేచారు.

"అధ్యక్షా, మంత్రిగారు ఇచ్చిన జాబితాలో పన్నెండో పేరు ఉంది." మా నాయన పేరు ఇంటిపేరుతో సహా చదివారు. మైకులో ఆ పేరు గది నాలుగు మూలలా వినిపించింది. "ఆయన ఆరోగ్యం ఇప్పుడెలా ఉందో మంత్రిగారు చెప్పగలరా?"

"ఒక్కొక్కరి యోగక్షేమాలు అడిగితే ఎలా అధ్యక్షా?" అని మంత్రిగారు నవ్వారు. కొందరు సభ్యులు కూడా నవ్వారు. ఈలోగా అధికారుల వైపు నుంచి ఒక చీటీ వచ్చింది. మంత్రిగారు దాన్ని విప్పి చదివారు. "నిలకడగా ఉందండి. ఇంతకుముందు కంటే మెరుగ్గానే ఉంది."

మెరుగ్గానే ఉంది. నేను గ్యాలరీలో కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను. అంత పెద్ద సభలో, అంత పెద్ద మనిషి, అంత నమ్మకంగా చెప్పాక, సమాధి దగ్గర నిలబడ్డ నన్నే నేను శంకించుకోవలసి వచ్చింది.

"అధ్యక్షా, ఆయన చనిపోయి మూడేళ్ళయింది" అన్నారు సారు. గొంతు పెంచలేదు. "ఇదిగో సమాధి ఫోటో. ఈ జాబితాలో సగానికి పైగా పేర్లు ఆ తోటలోనే ఉన్నాయి. నేను వెళ్ళి చూసి వచ్చాను. మందులు అందక చనిపోయిన మనిషికి, చనిపోయాక మూడేళ్ళపాటు మందులిచ్చినట్టు రాయించింది ఎవరు? రాసినవాళ్ళను అడగడం లేదు, రాయించినవాళ్ళను అడుగుతున్నాను. ఆయన కూతురు పైన గ్యాలరీలో కూర్చుని ఉంది."

సభలో తలలన్నీ ఒక్కసారి పైకి తిరిగాయి. మంత్రిగారు కూడా చూశారు. ఆ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, పోవడం మొదలైంది.

అధ్యక్షులు గంట కొట్టారు. "గ్యాలరీలో ఉన్నవారి ప్రస్తావన సభలో తేకూడదు. ఆ మాటలు రికార్డుల నుంచి తొలగిస్తున్నాను."

తలలన్నీ మళ్ళీ కిందికి తిరిగాయి. ప్రశ్నను వాయిదా వేశారు. తర్వాత అచ్చయి వచ్చిన ఆ రోజు కార్యక్రమాల పుస్తకం నేను తెప్పించుకుని చూశాను. అందులో మా నాయన పేరు ఉంది, ఆరోగ్యం నిలకడగా ఉందన్న జవాబూ ఉంది. నేను లేను. నా చోట చుక్కలు పెట్టారు.

వాయిదా పడ్డ ప్రశ్నలు ఊరికే వాయిదా పడిపోతుంటాయి. సారు పడనివ్వలేదు. రోజూ లేచి అడిగారు. సొంత పార్టీవాళ్ళే "ఇక వదిలేయండి" అని ఫోన్లు చేశారు, కొన్ని నేనే ఎత్తాను. సమావేశాలు ముగిసే ముందురోజు మంత్రిగారు లేచి, తాను ఇచ్చిన సమాధానం తప్పని ఒప్పుకున్నారు. పేర్లు తగ్గకూడదని ఒత్తిడి చేసిన పై అధికారిపై విచారణ వేశామని, వ్యానును బాగుచేయిస్తున్నామని చెప్పారు. చనిపోయినవారి పేర్లు తీసేశామన్నారు.

"ఆ పేర్లు సభలో చదవండి" అన్నారు సారు.

మంత్రిగారు కాగితం తీసి ఒక్కొక్కటీ చదివారు. ఈసారి నేను గ్యాలరీలో లేను. ఆత్మకూరు ఆఫీసులో ఫోనులో చూస్తున్నాను.  మా నాయన వంతు వచ్చినప్పుడు ఇంటిపేరు తప్పు పలికారు. నేను ఫోను తెరకేసి చూస్తూ సరైన పేరు పైకే అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. మట్టి చేసిన రోజు కూడా అంత ఏడవలేదు.

నెలన్నర తర్వాత వ్యాను వచ్చింది. ఆ రోజు నేనూ ఊరికి వెళ్ళాను. చర్చి ముందు చెట్టు నీడన కుర్చీలు వేశారు. నర్సమ్మకు మెమో ఇచ్చారు కానీ ఉద్యోగం పోలేదు. మళ్ళీ మా వైపే వేశారు. నన్ను చూసి పలకరింపుగా తల ఊపింది. జాబితాలో లేని పెద్దాయన మొదట కూర్చున్నాడు. ఆయన చేతికి పట్టీ కట్టి గాలి కొట్టిన డాక్టరమ్మ రెండోసారి కొట్టింది, మూడోసారి కొట్టింది. ఇంత బీపీతో ఎలా తిరుగుతున్నావని కేకలేసి, అదే వ్యానులో ఆత్మకూరు ఆసుపత్రికి పంపించింది. వారం ఉండి తిరిగొచ్చాడు. ఇప్పటికీ మేకలు కాస్తున్నాడు.

అవ్వ మాత్రం వరుసలో నిలబడలేదు. దూరంగా అరుగు మీద కూర్చుని, వచ్చి కూర్చుంటున్న ఒక్కో మనిషినీ, లేచి వెళ్ళేదాకా చూస్తూ ఉంది. నేను వెళ్ళి రమ్మంటే, "అందురూ అయిపోనీ" అంది. ఎవరి కోసం చూస్తోందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

చివరికి డాక్టరమ్మ నన్ను కూడా కూర్చోమంది. కొత్త రిజిస్టరు తెరిచి, నా పేరు రాసి, "మీ ఇంట్లో ఇంకెవరికన్నా బీపీ ఉందా?" అని అడిగింది.

"మా నాయనకు."

"ఇప్పుడెలా ఉన్నారు?"

నర్సమ్మ చేతిలో పని ఆపి నా వైపు చూసింది. నేను "లేడు" అన్నాను. డాక్టరమ్మ అది రాసుకుంది.